విండోస్ ఎక్కుతలేదా? ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి

"అన్నా, నాలుగుసార్లు ఫార్మాట్ కొట్టిన. ఎక్కుతలేదు."

హన్మకొండ నయీంనగర్ హాస్టల్‌లో ఉండి చదువుకునే నర్సంపేట పిల్లగాడు ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెడుతూ అన్న మాట ఇది. "ఎక్కడ ఆగుతుందిరా?" అని అడిగితే, "ఏమోనన్నా, ఏదో ఎర్రర్ వస్తది, మళ్ల మొదటికాంచి పెడుతున్న" అన్నాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తీరు ఇదే. ఒకే పెన్‌డ్రైవ్, ఒకే పోర్టు, ఒకే వరుస. నాలుగోసారి మాత్రం ఎట్లా ఎక్కుతుంది?

ఓఎస్ (విండోస్ లాంటి, కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) ఎక్కేటప్పుడు దారిలో ఐదు చోట్ల ఆగవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూటే (సెటప్ మొదలవడమే) కాకపోవచ్చు. బూట్ అయినా డిస్క్ కనపడకపోవచ్చు. డిస్క్ కనపడినా దాని మీద ఎక్కించనని మొండికేయవచ్చు. ఫైళ్లు కాపీ అవుతూ సగంలో ఆగవచ్చు. అంతా అయి, రీస్టార్ట్ తర్వాత తిరిగిన చోటే తిరగవచ్చు. ఈ ఐదింటికీ కారణాలు వేరు, మందులు వేరు. కాబట్టి ఎర్రర్ కనపడగానే ఓకే నొక్కకండి. ఫోన్ తీసి స్క్రీన్‌ను ఫొటో తీయండి. కోడ్ ఉంటే ఒక్క అంకె కూడా పోకుండా రావాలి.

రెండోసారి మొదలుపెట్టే ముందు: డేటా

మొదటి ప్రయత్నం ఫెయిలైందంటే డేటా పోయిందని కాదు. పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) డిలీట్ గానీ ఫార్మాట్ గానీ చేయనంతవరకు పాత ఫైళ్లు చాలావరకు డిస్క్‌లోనే ఉంటాయి. డేటా పోయేది ఎక్కువగా రెండో ప్రయత్నంలో, కోపంతో అన్నీ డిలీట్ కొట్టినప్పుడు. అందుకే ఇక్కడ ఆగి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే ఉచిత ఓఎస్ ఎక్కించి, దాని నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై ఉబుంటు' ఎంచుకోండి. డిస్క్ బాగుంటే పాత ఫోల్డర్లన్నీ కనపడతాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ అందరికీ గుర్తుంటాయి. దుకాణాల వాళ్లు మరిచిపోయేది టాలీ డేటా. అది తరచూ సి డ్రైవ్‌లోనే ఉంటుంది. రెండేళ్ల లెక్కలు పోగొట్టుకున్న అడ్తి దుకాణం ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

డిస్క్ తెరవబోతే కీ అడిగిందా? బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్నట్టు. ఆ రికవరీ కీ 48 అంకెలది. మీరు ఎన్నడూ పెట్టుకోలేదనుకున్నా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) దానంతట అదే ఆన్ అయి ఉండవచ్చు. కీ ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సైట్‌కి లాగిన్ అయి డివైజ్‌ల కింద చూడండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే, కంప్యూటర్ సొంత సెట్టింగుల చోటు) ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా ఈ కీ చేతిలో ఉండాలి. సెక్యూర్ బూట్, టీపీఎం లాంటి భద్రతా సెట్టింగులు కదిపితే మామూలుగా నడుస్తున్న విండోస్ కూడా ఆ కీ అడుగుతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావట్లేదు

నా మొదటి అనుమానం ఎప్పుడూ పెన్‌డ్రైవ్ మీదే. విండోస్ సెటప్ మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైల్‌ను మామూలు సినిమా ఫైల్ లాగా కాపీ చేసి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అట్లా బూట్ కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో గానీ, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో గానీ రాయాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఐఎస్ఓలోని ఫైళ్లను విప్పి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి లాగేసినా పని కాకపోవచ్చు. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీకి మించకూడదు. విండోస్ ఐఎస్ఓలో అసలు సరుకు ఉండే ఇన్‌స్టాల్ ఫైల్ ఒక్కటే ఆ హద్దు దాటిపోతుంటుంది. రూఫస్ దీనికి తన దారి తాను చూసుకుంటుంది. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ (డిస్క్‌ను భాగాలు చేసే కొత్త పద్ధతి), టార్గెట్ దగ్గర యూఈఎఫ్ఐ (బూట్ అయ్యే కొత్త పద్ధతి) ఉంచండి. పదేళ్లు దాటిన పాత బయోస్ యంత్రమైతేనే ఎంబీఆర్ అనే పాత పద్ధతి.

విండోస్ 11 ఐఎస్ఓ 5 జీబీ పైనే. హాస్టల్ వైఫైలో రాత్రంతా దించితే మధ్యలో తెగి, మళ్లీ అతుక్కుని, ఎక్కడో ఒక ముక్క చెడిపోయే అవకాశం ఉంది. డౌన్‌లోడ్ పేజీలో మైక్రోసాఫ్ట్ ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) ఇస్తుంది. మీ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అనే కమాండ్, ఖాళీ, ఫైల్ పేరు కొడితే మీ ఫైల్ విలువ వస్తుంది (టైప్ చేసేది ఇంగ్లీష్ అక్షరాల్లోనే). రెండూ కలవకపోతే ఆ ఫైల్‌తో ఎంతసేపు కుస్తీ పట్టినా దండగే.

చవకగా దొరికే పెన్‌డ్రైవ్‌లలో ఇంకో మోసం ఉంది. పైన 128 జీబీ అని రాసి ఉంటుంది, కంప్యూటర్ కూడా 128 అనే చూపిస్తుంది, లోపల నిజంగా ఉండేది 8 జీబీయో 16 జీబీయో. హద్దు దాటిన ఫైళ్లు రాసినట్టే ఉంటాయి, చదవబోతే ఉండవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ దీన్ని బయటపెడుతుంది.

బూట్ మెనూ కీ కంపెనీకి ఒకటి: హెచ్‌పీలో ఎఫ్9, డెల్‌లో ఎఫ్12, ఆసుస్‌లో ఎస్కేప్, లెనోవోలో ఎఫ్12 లేదా పక్కన సూదితో నొక్కే చిన్న నోవో బటన్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. విండోస్ ఇంకా నడుస్తుంటే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కి, నల్ల స్క్రీన్ రాగానే ఆ కీని టపటపా కొట్టండి. షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల యంత్రం పూర్తిగా పడుకోదు, కీ పట్టుకునే సందు దొరకదు. సెక్యూర్ బూట్ తీసేయమని చాలామంది చెబుతారు. సరిగ్గా రాసిన విండోస్ పెన్‌డ్రైవ్‌కి ఆ అవసరం రాదు.

డిస్కే కనపడట్లేదు

నర్సంపేట పిల్లగాడి ల్యాప్‌టాప్ ఆగింది ఇక్కడే. భాష ఎంచుకున్నాడు, షరతులకు ఒప్పుకున్నాడు, ఎక్కడ ఎక్కించాలి అనే స్క్రీన్‌లో జాబితా ఖాళీ. అంతకుముందు చూపించిన చోట "ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలె" అన్నారట. ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడగడం ఒక్కటే తక్కువ.

ఎస్ఎస్‌డీకి, అంటే లోపలి డిస్క్‌కు, ఏమీ కాలేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్ చేసి ఇస్తున్నారు. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ దాని వెనకాల కూర్చుంటుంది. ఆ కంట్రోలర్‌తో మాట్లాడే డ్రైవర్ విండోస్ సెటప్‌లో లేకపోతే వెనకున్న డిస్క్ దానికి లేనట్టే. ఇల్లు ఉంది, ముందున్న గేటుకు తాళంచెవి లేదు.

ముందు ఒక పరీక్ష: బయోస్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఎస్ఎస్‌డీ పేరు ఉందా చూడండి. అక్కడ ఉండి సెటప్‌లో లేకపోతే డ్రైవర్ సమస్యే. బయోస్‌లో కూడా లేకపోతే అప్పుడు హార్డ్‌వేర్ వైపు చూడాలి: కింద మూత విప్పి ఎస్ఎస్‌డీని తీసి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి, స్క్రూ బిగించి చూడండి. కొత్తగా కొని వేసిన ఎస్ఎస్‌డీ అయితే అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా, మీ స్లాట్ ఏది ఒప్పుకుంటుందో చూడండి. రెండూ చూడ్డానికి ఒకే తీరుగా ఉంటాయి.

డ్రైవర్ సమస్యకు రెండు దారులున్నాయి. నేను మొదటిదే ఇష్టపడతాను.

మొదటిది డ్రైవర్ ఇవ్వడం. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి, స్టోరేజ్ విభాగంలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దించుకోండి. అందరూ తప్పు చేసేది తర్వాతే: దిగిన ఈఎక్స్ఈ ఫైల్‌ను అట్లనే పెన్‌డ్రైవ్‌లో వేస్తారు. సెటప్‌కి కావాల్సింది దాని లోపలి ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్ ఫైళ్లు. ఇంకో కంప్యూటర్‌లో దాన్ని విప్పాలి. ఇంటెల్ సైట్ నుంచి తెచ్చిన సెటప్‌ఆర్ఎస్‌టీ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైల్ పేరు కొట్టి, ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పెట్టి దానికి ఆనించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి రాసి, మళ్లీ ఖాళీ వదిలి ఫోల్డర్ దారి ఇస్తే విప్పుతుంది. విప్పిన ఫోల్డర్‌ను విండోస్ పెన్‌డ్రైవ్‌లోనే ఒక మూలన పెట్టండి. సెటప్‌లో ఖాళీ జాబితా రాగానే 'లోడ్ డ్రైవర్' నొక్కి, ఆ ఫోల్డర్ చూపించి, వీఎండీ అని పేరున్న దాన్ని ఎంచుకోండి. డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

రెండోది బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయడం. డెల్‌లో స్టోరేజ్ కింద రెయిడ్ ఆన్ అని ఉన్నదాన్ని ఏహెచ్‌సీఐ చేయాలి. ఏసర్‌లో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది. మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తుంది. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో అసలు ఉండనే ఉండదు. పాత విండోస్‌ను ఉంచుకోవాలనుకుంటే మాత్రం ఈ దారి పట్టకండి: వీఎండీతో ఎక్కిన విండోస్, దాన్ని ఆపేయగానే నీలం స్క్రీన్ చూపిస్తుంది. ఆందోళన పడకుండా మళ్లీ ఆన్ చేస్తే చాలు.

పిల్లగాడిది పది నిమిషాల పని అయింది. నాలుగు రాత్రులు పోగొట్టుకున్నాడు.

డిస్క్ ఉంది, కానీ ఎక్కించనంటుంది

జాబితాలో డిస్క్ కనపడుతుంది, నెక్స్ట్ బటన్ బూడిద రంగులో ఉంటుంది, కింద "ఈ డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంది" అనో "జీపీటీ పద్ధతిలో ఉంది" అనో హెచ్చరిక. పెన్‌డ్రైవ్ బూట్ అయిన పద్ధతీ డిస్క్ పద్ధతీ కలవలేదని దాని భావం. యూఈఎఫ్ఐగా బూట్ అయితే డిస్క్ జీపీటీగా ఉండాలి. పాత లెగసీ పద్ధతిలో బూట్ అయితే ఎంబీఆర్. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడితే యూఈఎఫ్ఐ అని ముందున్నదాన్ని ఎంచుకోండి. చాలాసార్లు దీంతోనే తేలిపోతుంది.

డిస్క్‌నే మార్చాల్సి వస్తే, డేటా తీసుకున్నారు కదా అని ఇంకోసారి మిమ్మల్ని మీరు అడిగి, సెటప్‌లోనే ఆ డిస్క్ పార్టిషన్లన్నీ డిలీట్ చేసి 'అన్ఎలకేటెడ్' అనే ఒకే ముక్క మిగిల్చి నెక్స్ట్ నొక్కండి. యూఈఎఫ్ఐలో సెటప్ దానంతట అదే జీపీటీ చేసుకుంటుంది. అది మొరాయిస్తే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. అందులో ఈ కమాండ్లు ఇంగ్లీష్ అక్షరాల్లో వరుసగా కొట్టండి: డిస్క్‌పార్ట్, తర్వాత లిస్ట్ డిస్క్, తర్వాత సెలెక్ట్ డిస్క్ అని నంబరు, ఆపైన క్లీన్, చివరికి కన్వర్ట్ జీపీటీ. క్లీన్ కొట్టాక మీరు నిజంగానే అన్నారా అని అది అడగదు.

నంబరును నమ్మకండి, సైజును నమ్మండి. ఎస్ఎస్‌డీతో పాటు పాత హార్డ్‌డిస్క్ కూడా ఉంటే డిస్క్ 0 ఏదైనా కావచ్చు. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఇక్కడ 476 దగ్గర కనపడుతుంది, ఒక టీబీ డిస్క్ 931 దగ్గర. మీ పెన్‌డ్రైవ్ కూడా అదే జాబితాలో ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో డేటా తీసుకుని ఉంటే దాన్ని ముందే పీకేయండి. బ్యాకప్‌నే క్లీన్ కొట్టిన మహానుభావుడిని ఒకరిని చూశాను.

సగంలో ఆగిపోయింది

చివర 80070570 అనో 8007025డి అనో ఉన్న కోడ్ వస్తే, ఒక ఫైల్‌ను చదవలేకపోయాను, లేదా చదివింది చెడిపోయి ఉంది అని సెటప్ చెబుతున్నట్టు. తప్పు నాలుగింటిలో ఒకదానిది: పెన్‌డ్రైవ్, పోర్టు, ర్యామ్, డిస్క్. ఖర్చు లేనిదాని నుంచి మొదలుపెట్టండి. పోర్టు మార్చండి, హబ్ వాడుతుంటే తీసేయండి. తర్వాత వేరే పెన్‌డ్రైవ్‌లో కొత్తగా రాయండి. "మీడియా డ్రైవర్ మిస్సింగ్" అనే తికమక సందేశం కూడా తరచూ ఈ రెండింటితోనే పోతుంది. పేరు చూసి డ్రైవర్ల వేటలో పడకండి.

అయినా ఆగిందా? రెండు ర్యామ్ కడ్డీలుంటే ఒకటి తీసి ఒక్కదానితో, తర్వాత రెండోదానితో ప్రయత్నించండి. ఒకటే ఉంటే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ తయారు చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు. డిస్క్ పరీక్షకు హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 మెనూలో డయాగ్నస్టిక్స్ ఉన్నాయి. తిరిగే పాత హార్డ్‌డిస్క్ అయితే, అది కటకటమంటుంటే, పరీక్ష కూడా అక్కర్లేదు. డేటా దించుకుని సాగనంపండి.

ఎంతసేపు ఆగాలని అడుగుతారు. ఎస్ఎస్‌డీలో అరగంటకు మించి ఒకే శాతం మీద నిలబడితే అనుమానించాలి. పాత హార్డ్‌డిస్క్‌లో లైటు మిణుకుమంటున్నంతసేపు ఓపిక పట్టండి.

మన దగ్గర దీనికి ఎండ ఒకటి తోడవుతుంది. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు, రేకుల షెడ్డు కింద, పరుపు మీద పెట్టి విండోస్ ఎక్కిస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. వరంగల్‌లోని ఎనుమాముల పత్తి మార్కెట్ వైపు నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ ప్రతిసారీ 60 శాతం దాటగానే ఆరిపోయేది. వెనక మూత విప్పితే ఫ్యాన్ రెక్కల మధ్య పత్తి నూగు, దిండులో కుక్కినట్టు. దులిపి, కొత్త థర్మల్ పేస్ట్ పూస్తే మొదటిసారికే ఎక్కింది. ఆ సాఫ్ట్‌వేర్ సమస్యకు మందు బ్రష్షు.

బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో సగంలో కరెంటు పోతే భయపడకండి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడమే. బయోస్ అప్‌డేట్ మాత్రం అట్లా కాదు. అది నడుస్తుండగా కరెంటు పోతే మదర్‌బోర్డే మూగబోవచ్చు. మబ్బు పట్టిన సాయంత్రం ఆ పని పెట్టుకోకండి.

రీస్టార్ట్ తర్వాత మళ్లీ మొదటికే

ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి, రీస్టార్ట్ అయింది, మళ్లీ భాష ఎంచుకోమంటుంది. పెన్‌డ్రైవ్ ఇంకా గుచ్చి ఉంది, యంత్రం మళ్లీ దాని నుంచే బూట్ అయింది. అంతే. మొదటి రీస్టార్ట్‌కి స్క్రీన్ నల్లబడగానే పీకేయండి. పీకాక "బూట్ డివైజ్ దొరకలేదు" అంటే బయోస్‌లో బూట్ వరుస చూసి 'విండోస్ బూట్ మేనేజర్' పైకి తెండి.

"కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయింది" అనే పెట్టె పదేపదే వస్తే, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి ముందుకు తోసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. పని చేస్తుంది కూడా. కానీ సగం ఉడికిన అన్నం మీద మూత పెట్టినట్టు. నేనైతే కారణం వెతికి శుభ్రంగా మళ్లీ ఎక్కిస్తాను.

చివర్లో ఇంటర్నెట్ అడిగి, వైఫై జాబితా ఖాళీగా ఉంటే వైఫై డ్రైవర్ లేనట్టు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఎక్కువ ఫోన్లకు విండోస్‌లో డ్రైవర్ ముందే ఉంటుంది, గండం గడుస్తుంది.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు"

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో పాత ల్యాప్‌టాప్‌లలో 11 ఎక్కించమని వచ్చేవాళ్లు పెరిగారు. దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌కు వీలు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 వరుస నుంచి ప్రాసెసర్ కావాలి. తరం సరిపోయినా కాదంటుంటే బయోస్‌లో టీపీఎం ఆఫ్ అయి ఉండవచ్చు. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేయండి.

తరమే సరిపోకపోతే రూఫస్ ఆ తనిఖీలను తప్పించి రాయగలదు. అట్లా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కోర్ టూ డ్యుయో కాలం యంత్రాల్లోనైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ఏ ఉపాయంతోనూ బూట్ కాదు, ప్రాసెసర్‌లో దానికి కావాల్సిన ఆదేశాలే లేవు. వాటికి ఎస్ఎస్‌డీ వేసి లైనక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ ఎక్కించడమే నా సలహా. బ్రౌజర్, తెలుగు టైపింగ్, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు అన్నీ నడుస్తాయి. టాలీ నడవాలంటే మాత్రం విండోసే ఉండాలి, అది దాచను.

పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తుండగా సి1900101తో మొదలయ్యే కోడ్ వస్తే ఏదో డ్రైవర్ అడ్డుపడుతోంది. ప్రింటర్, స్కానర్, మీసేవ కేంద్రాల్లో ఉండే థంబ్ మెషీన్, అన్నీ పీకేసి, బయటి యాంటీవైరస్ తీసేసి మళ్లీ చేయండి. 80070070 అయితే సి డ్రైవ్‌లో జాగా లేదు, ఖాళీ చేయండి.

దుకాణానికి వెళ్తే

ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల చేసిపెట్టేవాళ్లకు కొదవ లేదు. తీసిన ఫొటో చూపించండి, ఏమేం ప్రయత్నించారో చెప్పండి; సగం రోజు మిగులుతుంది. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్ అయితే దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది, మళ్లీ కీకి డబ్బు కట్టకండి. సెటప్‌లో కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' నొక్కి, హోమ్ ఉన్నదానికి హోమే ఎంచుకోండి. ప్రో ఎక్కించి, యాక్టివేట్ కావట్లేదని ఏదో క్రాక్ దించితే దాంతో పాటు ఇంకేం దిగుతుందో దేవుడికెరుక. ఎస్ఎస్‌డీ మార్చామంటే పాతది వెనక్కి అడిగి తీసుకోండి, అందులో మీ ఫొటోలున్నాయి.

విండోస్ ఎక్కాక డివైజ్ మేనేజర్ తెరిచి పసుపు గుర్తులు చూడండి, అప్‌డేట్ రెండు మూడుసార్లు నడిపితే చాలావరకు పోతాయి. పని చేసిన పెన్‌డ్రైవ్‌ను, ఆ వీఎండీ ఫోల్డర్‌తో సహా, చెరపకుండా ఉంచుకోండి. నర్సంపేట పిల్లగాడు దానికి ప్లాస్టర్ అంటించి "ముట్టొద్దు" అని రాసుకున్నాడు. హాస్టల్‌లో ఇప్పుడు అది గది గదికీ తిరుగుతోందట.